పరుల కోసం పర్వతారోహణం

పర్వతాన్ని దైవస్వరూపంగా భావించి నమస్కరించే సంస్కారం మనది. తిరుమల, శ్రీశైలం, యాదగిరి, అరుణాచలం... కొండ ఎక్కడమంటే మనకు దైవసన్నిధికి చేరడం, మొక్కు తీర్చుకోవడం. అలిపిరి నుండి 3,550 మెట్లకూ పసుపు కుంకుమలు అద్దుతూ నడుము వంచి ఎక్కే ఇల్లాలిని పలకరించి చూడండి. "బిడ్డ ఆరోగ్యం కుదుటపడితే మెట్లపూజ చేస్తానని మొక్కుకున్నాను స్వామీ" అంటుంది. ఆ తల్లి భక్తి నిష్కళంకం. అయితే ఆ మొక్కు తన బిడ్డ కోసం. ముఖమైనా చూడని పరాయి బిడ్డ కోసం కొండ ఎక్కే తల్లులు ఉంటారా? ఉన్నారు.

యూదు మతానికి చెందిన కొందరు మహిళలు బృందాలుగా ఏర్పడి, ఉన్నత శిఖరాలను అధిరోహించి, ఆ శ్రమను ఆధారంగా చేసుకొని ధర్మకార్యాలకు నిధులు సమకూరుస్తున్నారు. ఈ పద్ధతి సులభంగానే అర్థమవుతుంది. శిఖరారోహణకు సంకల్పించిన స్త్రీ తన బంధుమిత్రులకు ఆ సంగతి తెలియజేసి, ఫలానా సేవాసంస్థకు యథాశక్తి విరాళం ఇమ్మని అర్థిస్తుంది. ఆమె కాలు నొచ్చినకొద్దీ ఇచ్చేవారి చేయి చాస్తుందన్నమాట!

ఇలాంటి యాత్రలకు పేరుపొందినది ఆఫ్రికా ఖండంలో, టాంజానియా దేశంలో ఉన్న కిలిమంజారో. దాని ఎత్తు 5,895 మీటర్లు. శిఖరం చేరేసరికి ప్రతి శ్వాసలో లభించే ప్రాణవాయువు సముద్రతీరంలో లభించే దానిలో ఇంచుమించు సగమే. తొందరపడి ఎక్కినవారికి తలనొప్పి, వాంతులు, ఒక్కొక్కప్పుడు ప్రాణాపాయం కూడా తప్పదు. అందుకే అక్కడి మార్గదర్శకులు తమ స్వాహిలీ భాషలో "పోలే పోలే" అని హెచ్చరిస్తూ ఉంటారు. మెల్లగా, మెల్లగా అని దాని అర్థం.

మడి, ఆచారం తెలిసిన మన గృహిణులకు మరొక విషయం సులువుగా బోధపడుతుంది. నిష్ఠగల యూదులు శుక్రవారం సూర్యాస్తమయం మొదలు శనివారం రాత్రి చుక్కలు పొడిచే వరకు విశ్రాంతి దినం పాటిస్తారు. మాంసాన్నీ పాలనూ కలిపి భుజించరు. అలాంటి నియమాలు గల స్త్రీ మంచు కొండకు బయలుదేరాలంటే ప్రయాణపు రోజులను లెక్క చూసుకోవాలి, ఆహారాన్ని వేరుగా సిద్ధం చేసుకోవాలి. పరోపకారం కోసం ఆచారాన్ని వదలక, ఆచారం పేరిట పరోపకారాన్నీ మానక నడవడం చిన్న సాధన కాదు.

ఇంట్లో కూర్చుని ఇవ్వరాదా?

ఈ ప్రస్తావన వచ్చినప్పుడు తార్నాకలో మా ఆలయానికి వచ్చే పెద్దలు తరచు వేసే ప్రశ్న ఒకటుంది. "అంత ఖర్చు పెట్టుకొని అంత దూరం పోయి కొండ ఎక్కడం దేనికి స్వామీ? ఆ డబ్బేదో ఇంట్లో కూర్చునే ఇవ్వవచ్చు కదా?" ఇది తోసిపుచ్చవలసిన ప్రశ్న కాదు.

దీనికి సమాధానం వెదకాలంటే యూదులు దానాన్ని ఎలా భావిస్తారో తెలియాలి. వారి హీబ్రూ భాషలో దానానికి వాడే మాట "త్సెదాకా". న్యాయం, ధర్మం అనే అర్థమిచ్చే మూలం నుండి ఆ పదం పుట్టింది. అంటే ఇవ్వడం దయ మాత్రమే కాదు, చెల్లించవలసిన బాధ్యత. 1204లో పరమపదించిన మైమోనిడీస్ అనే యూదు ధర్మశాస్త్రవేత్త దానాన్ని ఎనిమిది మెట్లుగా విభజించాడు. అయిష్టంగా ఇవ్వడం అన్నిటికంటె కింది మెట్టు. ఇచ్చేవారికీ పుచ్చుకునేవారికీ ఒకరెవరో ఒకరికి తెలియకుండా ఇవ్వడం చాలా పైమెట్టు. అప్పు ఇచ్చో, పని చూపించో, వ్యాపారంలో భాగం కల్పించో ఎదుటివాడిని మళ్ళీ చేయి చాచనక్కరలేకుండా నిలబెట్టడం అన్నిటికంటె ఉన్నతమైన మెట్టు.

మన భగవద్గీత పదిహేడవ అధ్యాయం కూడా దానాన్ని సాత్త్విక, రాజస, తామసములని మూడుగా విడదీసింది. ప్రతిఫలం ఆశించక, తగిన దేశకాలాల్లో, పాత్రుడైన వానికి కర్తవ్యమని తలచి ఇచ్చేదే సాత్త్వికం. ఎక్కడో పుట్టిన రెండు సంప్రదాయాలు ఒకే భావాన్ని బోధించడం గమనార్హం.

ఈ వెలుగులో చూస్తే ప్రశ్నకు సమాధానం దొరుకుతుంది. ఇంట్లో కూర్చుని ఇచ్చే దానం మన సంపదలో ఒక భాగం. ఎక్కి ఇచ్చే దానంలో మన శరీరం కూడా భాగస్వామి అవుతుంది. రోగంతో మంచానికి అతుక్కుపోయిన బిడ్డ ఊపిరికి పడే శ్రమలో లేశమాత్రమైనా ఆ స్త్రీ తన ఊపిరితో అనుభవిస్తుంది. పైగా ఒంటరిగా ఇచ్చినవారి దానం ఒక్కరిది. కొండ ఎక్కినవారి వెంట వందమంది చేతులు కదులుతాయి. భగీరథుడు హిమాలయానికి వెళ్ళి తపస్సు చేసింది తన పితరుల కోసమే అయినా, దిగివచ్చిన గంగ లోకానికంతటికీ దాహం తీర్చింది. సంజీవని కోసం వెళ్ళిన హనుమంతుడికి పర్వతం గమ్యం కాదు. లక్ష్మణుని ప్రాణమే గమ్యం. యూదుల మోషే ప్రవక్త సైతం సీనాయి పర్వతంపై నలభై దినాలుండి, ధర్మశాసనాలు చేతబట్టుకొని జనం మధ్యకు దిగివచ్చాడని వారి గ్రంథం చెబుతోంది. ఎక్కినవారు కిందికి ఏమి తెచ్చారన్నదే అసలు లెక్క.

మన పాదాల కింది నేల

ఇంత దూరం పోయిన మన దృష్టిని ఒకసారి మన ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణానికి మళ్ళిద్దాం. ముళ్ళతీగ కంచె, తనిఖీ నాకా ఉండడం వల్ల తార్నాకకు ఆ పేరు వచ్చిందని పెద్దలు చెబుతారు. దాని పక్కనే ఉన్న ఈ విద్యాపీఠం 1919లో బోధన ప్రారంభించింది. ఆర్ట్స్ కళాశాల భవనం 1939లో ప్రారంభమైంది. అంతకు శతాబ్దం ముందు ఈ ఆడిక్‌మెట్ భూములు ఒక స్త్రీ జాగీరు. ఆమె నిజాం ఆస్థానంలో మన్నన పొందిన కవయిత్రి మహ్‌లఖాబాయి చందా (1768–1824). తార్నాకకు ఉత్తరాన కనిపించే మౌలాలీ గుట్టను ఆమె భక్తితో సేవించింది. ఆ గుట్ట పాదంలోనే తల్లి పక్కన శాశ్వత నిద్రలో ఉంది. తన ఆస్తిని దిక్కులేని స్త్రీలకు చెందేలా ఏర్పాటు చేసిందని చరిత్రకారులు అంటారు. గుట్టనూ, దానాన్నీ కలిపి ప్రేమించిన స్త్రీ నడిచిన నేలపై నేడు ఆడపిల్లలు చదువుకుంటున్నారు.

ఇక ఆరోహణమంటే తెలుగువారికి గుర్తుకు రావలసిన పేరు మాలావత్ పూర్ణ. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన వ్యవసాయ కూలీల బిడ్డ, సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థిని. భువనగిరి కొండ రాళ్ళపై తొలి అడుగులు నేర్చి, డార్జిలింగ్‌లోనూ లడఖ్‌లోనూ శిక్షణ పొంది, 2014 మే 25న ఎవరెస్టు శిఖరం చేరింది. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్ళు నిండలేదు. ఖమ్మం జిల్లాకు చెందిన ఆనంద్ కుమార్ ఆమెతోపాటు ఎక్కాడు. 2016లో పూర్ణ కిలిమంజారో ఎక్కింది. 2022 నాటికి ఏడు ఖండాల్లోని ఉన్నత శిఖరాలన్నీ పూర్తి చేసింది.

పూర్ణ ఎక్కింది నిధుల కోసం కాదు. అక్కడ సమాజం ముందుగా ఇచ్చింది, తరువాత బిడ్డ ఎక్కింది. గురుకులంలో ఆమె తిన్న ముద్ద, చదివిన పుస్తకం ప్రజలు పన్నుల రూపంలో ఇచ్చినవే. యూదు మహిళల విషయంలో వారు ముందుగా ఎక్కుతారు, తరువాత సమాజం ఇస్తుంది. క్రమం తిరగబడినా ఫలం ఒక్కటే. ఎవరో ఒక బిడ్డ తన కాళ్ళపై తాను నిలబడుతుంది. మైమోనిడీస్ చెప్పిన పైమెట్టు అదే కదా!

మూడు నియమాలు

ఇలాంటి ఆరోహణ ధర్మబద్ధం కావాలంటే మూడు నియమాలు తప్పవని తోస్తుంది. మొదటిది, ప్రయాణ ఖర్చు ఎక్కేవారే భరించాలి. రోగిపేరిట వచ్చిన ధనంతో విహారం చేయడం దేవుని హుండీలో చేయి పెట్టడంతో సమానం. రెండవది, బరువు మోసేవారిని మరువరాదు. కిలిమంజారోలో ఒక్కొక్క కూలీ 20 కిలోలకు మించి మోయరాదని నిబంధన ఉంది. ఆ నిబంధనను పాటించి, న్యాయమైన కూలి ఇచ్చినప్పుడే దానం మొదలైనట్లు. 1953లో ఎవరెస్టు ఎక్కిన హిల్లరీ, తనకు తోడునిలిచిన షెర్పాల కోసం 1960లో హిమాలయన్ ట్రస్ట్ స్థాపించి, మరుసటి ఏడు ఖుమ్‌జుంగ్ గ్రామంలో పాఠశాల కట్టించాడు. మోసినవారి రుణం తీర్చుకోవడమంటే అది. మూడవది, కీర్తికాంక్ష విడవాలి. ఛాయాచిత్రం కోసం చేసిన దానం గీత చెప్పిన రాజసమే.

అందరూ కిలిమంజారో ఎక్కనక్కరలేదు. తార్నాక నుండి ప్రతి ఉదయం విశ్వవిద్యాలయ ప్రాంగణంలో వాహ్యాళికి వెళ్ళే దంపతులు ఎందరో ఉన్నారు. అదే ప్రాంగణంలోని వసతిగృహాల్లో పల్లెల నుండి వచ్చిన పేద విద్యార్థినులూ ఉన్నారు. నడిచిన ప్రతి రోజుకూ పది రూపాయల చొప్పున విడిగా దాచి, ఏడాది చివర ఒక పిల్ల పుస్తకాలకో, పరీక్ష రుసుముకో, పేరు చెప్పకుండా అందజేస్తే చాలు. నడక మానిన రోజున ఒక బిడ్డ వాటా తగ్గుతుందని తెలిస్తే బద్ధకం కూడా దానంతట అదే వదులుతుంది. మన బిడ్డ కోసం మొక్కిన మొక్కు భక్తి. పరుల బిడ్డ కోసం కూడా మొక్కగలిగిన నాడు ఆ భక్తికి పరిపూర్ణత.