కాసు కంటె మిన్న

ఐదువందలకు పైగా భాషలు గల దేశమున వార్తాపత్రిక ఏ భాషలో మాటాడవలెను? పశ్చిమాఫ్రికాలోని నైజీరియాకు ఈ ప్రశ్న క్రొత్తది కాదు.

ఆ దేశపు తొలి పత్రిక ఆంగ్లమున పుట్టలేదు. 1859లో అబెయోకుటా నగరమున క్రైస్తవ మతబోధకుడగు హెన్రీ టౌన్‌సెండ్ యోరుబా భాషలో 'ఇవే ఇరోహిన్' అను పత్రికను వెలువరించెను. 'వార్తల పుస్తకము' అని ఆ పేరునకు అర్థము. జనులకు పఠనాభ్యాసము కలిగించుట అతని ఆశయము. ఆనాడు అచ్చట గవ్వలే నాణెములు. పాఠకులు గవ్వలిచ్చియే పత్రికను కొనెడివారు. కొలది కాలమునకే ఆంగ్ల భాగమును దానికి తోడయ్యెను. 1867లో ఐరోపీయులకు ప్రతికూలముగా చెలరేగిన అలజడిలో ఆ పత్రిక అంతరించెను.

అది నాటిన విత్తనము మాత్రము నశింపలేదు. లాగోసు నగరపు యోరుబా పత్రిక 'అకెడె ఎకొ'లో 1929, 30 సంవత్సరములందు సెగిలోలా అను స్త్రీ తన జీవితకథను లేఖలుగా వ్రాసికొనుచున్నట్లు ఒక రచన ప్రకటితమయ్యెను. పలువురు పాఠకులు అది యథార్థమనియే నమ్మిరి. వాస్తవమునకు ఆ లేఖలను వ్రాసినవాడు సంపాదకుడగు ఐజాక్ థామస్. యోరుబా భాషలో తొలి నవలగా పలువురు పరిగణించు గ్రంథము ఇట్లు వార్తాపత్రిక ఒడిలోనే జన్మించినది.

ఉత్తరమున ప్రధాన భాష హౌసా. దానిని అరబ్బీ లిపిలో వ్రాయుట అచ్చట చిరకాల సంప్రదాయము. 1939లో ప్రభుత్వ ప్రోత్సాహముతో రోమను లిపిలో 'గాస్కియా తా ఫి క్వాబో' వెలువడెను. 'సత్యము కాసు కంటె మిన్న' అని దాని భావము. హౌసా కథకులలో సుప్రసిద్ధుడగు అబూబకర్ ఇమామ్ దానికి తొలి హౌసా సంపాదకుడు.

అంతకు రెండేండ్లు ముందుగా, 1937లో, న్నామ్డి అజికివే లాగోసునుండి 'వెస్ట్ ఆఫ్రికన్ పైలట్' అను ఆంగ్ల దినపత్రికను ప్రారంభించెను. భిన్న భాషలవారిని స్వాతంత్ర్యేచ్ఛతో ఏకముచేయుటకు ఆ పరభాషయే సాధనమయ్యెను. 1943లో పశ్చిమాఫ్రికా పత్రికా ప్రతినిధులుగా ఇంగ్లండునకు వెళ్ళినవారిలో ఇమామ్, అజికివే ఇరువురును కలరు. 1960లో దేశము స్వతంత్రమయ్యెను. 1963లో అజికివే ప్రథమాధ్యక్షుడయ్యెను.

నేటికిని నైజీరియాలోని ప్రముఖ దినపత్రికలు ఆంగ్లమువే. భిన్న ప్రాంతములవారు పరస్పరము సంభాషించుటకు ఆ భాష ఉపకరించుచున్నది. కాని ఆంగ్లమెరుగని రైతుకు, తన పన్నును గూర్చియు పంటను గూర్చియు జరుగు చర్చయే అందకుండ పోవుచున్నది. సత్యము కాసు కంటె మిన్న యనుట నిజమే. అయితే ఆ కాసు చెల్లించువాడు దానిని చదువగలిగినప్పుడు గదా ఆ మాట సార్థకమగుట!