పరపతి సంఖ్య

సిద్దిపేటలో ఒక యువకుడు సెల్‌ఫోనును వాయిదాలపై కొని, చివరి రెండు వాయిదాలు మరచినాడనుకొందము. కొంతకాలమునకు ఆటో కొనుటకై బ్యాంకుకు పోగా, అప్పు లేదన్నారు. ఆటో పోయిన, జీవనోపాధియే పోయినట్లు. అడ్డుపడినది మూడంకెల పరపతి సంఖ్య. వాడుకలో క్రెడిట్ స్కోరు.

పూర్వము షావుకారు మనిషి ముఖము చూచి, వాని తండ్రిని తలచుకొని అప్పిచ్చెడివాడు. నేడు ఆ జ్ఞాపకమును కొన్ని సంస్థలు భద్రపరచుచున్నవి. వానిలో సిబిల్ 2000లో ఏర్పడినది. 2005లో ఇందుకొక చట్టము వచ్చినది. సిబిల్ సంఖ్య 300 నుండి 900 వరకు ఉండును. అది ఆస్తిని కొలువదు, జీతము నడుగదు; గడువునకు చెల్లించితిమా అనునదే ముఖ్యముగా చూచును. మిత్రునికి పూచీ సంతకము చేసినవానికిని ఈ చిక్కు తప్పదు!

మొదట నివేదికను తెప్పించుకొని చదువవలెను. ప్రతి సంస్థయు ఏటేట ఒకటి ఉచితముగా ఇచ్చును. తీర్చిన బాకీ తీరనట్లున్నచో ఫిర్యాదు చేయవలెను. 30 దినములలో పరిష్కరింపనిచో రోజుకు 100 రూపాయల పరిహారమని 2023లో రిజర్వు బ్యాంకు ఆదేశించినది.

నిజమైన బాకీ విషయములో, కొంత తగ్గించి 'సెటిల్' చేసుకొమ్మనుట ఆకర్షణీయమే. కాని నివేదికలో 'సెటిల్డ్' అని పడును, 'క్లోజ్డ్' అని కాదు. ఆ తేడా బ్యాంకువారికి బాగుగా తెలియును. చేతనైనచో పూర్తిగా చెల్లించి, బాకీ లేదను పత్రము పుచ్చుకొనుట మేలు.

పిదప ఫిక్సెడ్ డిపాజిట్టు హామీపై కార్డు తీసికొని, కొద్దిగా వాడి, ప్రతి నెల మొత్తము చెల్లించవచ్చును. పదిచోట్ల దరఖాస్తులు పెట్టరాదు, అవియు నమోదగును. 2025 జనవరి నుండి బ్యాంకులు కనీసము పక్షమునకొకసారి వివరములు పంపవలసియున్నవి గనుక, నేడు కట్టిన వాయిదా త్వరలోనే లెక్కకెక్కును.