రెప్ప వేయని చూపు!

శ్రీకాళహస్తి గుడికి వెళ్లినవాళ్లలో చాలామంది కళ్లు ముందుగా వెతికేది దీపాన్నే. గాలి చొరబడని గర్భగుడిలోనూ అక్కడో దీపం రెపరెపలాడుతూనే ఉంటుంది. వాయులింగానికి అదే గుర్తని భక్తుల నమ్మకం. స్వామి కంట నెత్తురు చూడలేక తన కన్నునే పెకలించి ఇచ్చిన కన్నప్పదీ ఆ ఊరి కథే. ఇటు తిరుమలలోనేమో గంటల తరబడి క్యూలో నిలబడేది క్షణకాలం చూపు కోసం. గురువారమైతే స్వామి నామాన్ని సన్నగా దిద్ది నేత్రదర్శనం కల్పిస్తారు. ఈ నేల మీద భక్తి సగం కళ్లతోనే నడుస్తుందంటే తప్పేముంది!

ఆ చూపునే సాధనగా మలిస్తే... అది త్రాటకం. పదిహేనో శతాబ్దంలో స్వాత్మారాముడు 'హఠయోగ ప్రదీపిక'లో చెప్పిన షట్కర్మల్లో ఇదొకటి. మిగతా వాటిలో ముక్కులో దారం దూర్చడాలూ, కడుపు కడగడాలూ ఉంటాయి. దీనికి మాత్రం ఒక దీపం చాలు. చిన్న గురి మీద చూపు నిలిపి, కన్నీళ్లు వచ్చేదాకా రెప్ప వేయకూడదు. ఈ విద్యను బంగారు పెట్టెలా గుట్టుగా దాచుకోమన్నాడాయన. ఇప్పుడా గుట్టేమీ లేదు, యోగా తరగతుల్లో అందరికీ నేర్పుతున్నారు.

ఫ్యాన్ ఆపాలి మరి!

చీకటి గదిలో వెన్ను నిటారుగా పెట్టి కూర్చోవాలి. చేయి చాచినంత దూరంలో, కంటి ఎత్తుకు సరిగ్గా వత్తి కొస ఉండేలా దీపం పెట్టుకోవాలి. మంట కదలకూడదు కాబట్టి ఫ్యాన్ ఆపక తప్పదు. మే నెలలో తిరుపతిలో అదే పెద్ద తపస్సు! వేకువజామునైతే కాస్త నయం. మొదట్లో ఒకటి రెండు నిమిషాలు చాలు. కళ్లు చెమ్మగిల్లగానే మూసుకుంటే, లోపల మంట ఆకారం తేలుతుంది. అది చెదిరిపోయేదాకా దాన్నే చూస్తూ ఉండి, తర్వాత మళ్లీ కళ్లు తెరుస్తారు.

ఆ లోపలి దీపం మహిమ కాదు. వెలుగుకు అలసిన రెటీనా కణాలు మిగిల్చే నీడ. అలాగే ఒకే చుక్కను చూస్తుంటే చుట్టుపక్కలవన్నీ మాయమైనట్టనిపిస్తుంది. స్విట్జర్లాండ్ వైద్యుడు ట్రాక్స్‌లర్ 1804లోనే ఈ సంగతి రాశాడు. మారని దృశ్యాన్ని మెదడు పట్టించుకోవడం మానేస్తుందన్నమాట.

అద్దాలు పోతాయా?

అసలు చిక్కు ఇక్కడే. 'త్రాటకం చేయండి, కళ్లద్దాలు పారేయండి' అనేవాళ్లకు కొదవలేదు. కంటిజబ్బులు పోతాయని స్వాత్మారాముడూ అన్నాడు. కానీ హ్రస్వదృష్టికి సాధారణంగా కారణం కనుగుడ్డు కాస్త పొడుగు కావడం. దీపాన్ని చూస్తే అది పొట్టిదైపోదు. 2018లో 'ఇంటర్నేషనల్ జర్నల్ ఆఫ్ యోగా'లో వచ్చిన అధ్యయనంలోనూ త్రాటకంతో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. శుక్లాలకైతే ఆపరేషనే దారి. ఏకాగ్రత విషయంలో మాత్రం ఆశ ఉంది. 2014లో వృద్ధుల మీద జరిగిన ఒక చిన్న అధ్యయనంలో, దాదాపు నెలరోజుల సాధన తర్వాత జ్ఞాపకశక్తి, శ్రద్ధ పరీక్షల్లో మెరుగుదల కనిపించింది.

గ్లకోమా, రెటీనా సమస్యలు, మూర్ఛ ఉన్నవాళ్లూ, ఈమధ్యే కంటి ఆపరేషన్ చేయించుకున్నవాళ్లూ డాక్టరును అడగనిదే దీని జోలికి పోకూడదు. కళ్లు పొడిబారే బాధ ఉన్నవాళ్లకూ ఇది పడదు. కాంటాక్ట్ లెన్సులు తీసేయాలి. ఇక సూర్యుణ్ని చూసే త్రాటకం ఎవరు చెప్పినా వినొద్దు. రెటీనాకు నొప్పి తెలియదు, కాలిపోయాక గానీ సంగతి బయటపడదు. పిల్లలున్న ఇంట్లో ఈ మాట గట్టిగానే చెప్పాలి.

అన్నట్టు, 2022 దాకా చిత్తూరు జిల్లాలోనే ఉన్న మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి ఇలాంటి పద్ధతులను ఒప్పుకోలేదు. మనసును బలవంతంగా ఒకచోట బిగించడం ధ్యానం కాదన్నది ఆయన వాదన. ఆ ఊరికి దగ్గర్లోనే ఉన్న ఆయన రిషివ్యాలీ బడిలో 'అస్తాచల్' అనే అలవాటుంది. పొద్దుగుంకే వేళ పిల్లలంతా ఒకచోట చేరి, కొండల వెనక్కి దిగే వెలుగును మౌనంగా చూస్తారు. అక్కడ గురి లేదు, లెక్క లేదు. రెప్ప వేసినా ఎవరూ ఏమీ అనరు.