తొలి కాన్పు... పుట్టింటికి అప్పు కాకూడదంటే

‘‘మా అమ్మి నీళ్ళోసుకుంది’’ అన్న కబురు అందగానే పుట్టింట్లో సంబరం మొదలవుతుంది. ఆ రాత్రి దీపం ఆర్పాక అమ్మా నాన్నా లెక్కలు మొదలుపెడతారు. తొలి కాన్పు పుట్టింట జరగాలన్నది మన ఆచారం కదా! సోమశిల, అనంతసాగరం, ఆత్మకూరు, ఉదయగిరి పల్లెల్లోనూ అదే తంతు. పెళ్ళికి చేసిన అప్పు ఇంకా తీరనే ఉండదు. శ్రీమంతం, కాన్పు, బారసాల మూడూ ఒక్క ఏడాదిలోనే వచ్చి పడతాయి. అటు అల్లుడు ఏమనుకుంటాడోనని వీళ్ళు నోరెత్తరు. ఇటు అత్తగారి ఎదుట పుట్టిల్లు చులకనవుతుందని కూతురూ నోరెత్తదు. చివరికి అమ్మ చేతి గాజులు తాకట్టు కొట్టుకి చేరతాయి.

బయట నూటికి రెండు రూపాయల వడ్డీకి యాభై వేలు తెచ్చారనుకోండి. నెలకి వెయ్యి రూపాయలు వడ్డీకే పోతుంది. రెండేళ్ళకి ఇరవై నాలుగు వేలు కట్టినా అసలు అలాగే ఉంటుంది. అప్పటికి మనవడు ఇల్లంతా పరుగులు తీస్తుంటాడు!

అసలు ఇంత డబ్బు ఎక్కడికి పోతోంది? కాగితం, పెన్సిలు తీసుకుని విడివిడిగా రాసి చూడండి. ప్రభుత్వాసుపత్రిలో పురుడు పోసుకునే వాళ్ళకి ఆసుపత్రి పద్దు అన్నిటికన్నా చిన్నదిగా తేలుతుంది.

ఆసుపత్రి పద్దు

2011లో జననీ శిశు సురక్షా కార్యక్రమం వచ్చాక ప్రభుత్వాసుపత్రిలో మామూలు కాన్పయినా, సిజేరియనయినా మందులు, రక్తం, పరీక్షలు అన్నీ ఉచితమే. మామూలు కాన్పుకి మూడు రోజులు, ఆపరేషనయితే ఏడు రోజులు భోజనం కూడా పెట్టాలి. ఏడాది లోపు బిడ్డకి జబ్బు చేస్తే ఆ వైద్యమూ ఉచితమే. ఇది దయాదాక్షిణ్యం కాదు, మీ హక్కు. ఎవరైనా చెయ్యి చాపితే ‘ఎందుకివ్వాలి?’ అని అడగడానికి మొహమాటపడకండి.

ప్రతి నెలా 9వ తేదీన గర్భిణులకి ఉచితంగా పరీక్షలు చేసే కార్యక్రమం 2016 నుంచి నడుస్తోంది. ఆ తేదీని క్యాలెండరులో ఎర్ర సిరాతో చుట్టేసుకోండి. రక్తంలో హిమోగ్లోబిన్ 11 కన్నా తగ్గితే రక్తహీనత కిందే లెక్క. ఐరన్ మాత్రలు ఉచితంగానే ఇస్తారు. వాటిని బీరువాలో దాచి, బలం మందు పేరుతో సీసాలకి సీసాలు కొనే ఇళ్ళు మన వైపు తక్కువేం కాదు!

ప్రయివేటు నర్సింగుహోములోనే పురుడు పోసుకోవాలనుకుంటే అయిదో నెలలోపే వెళ్ళి ‘మామూలు కాన్పుకి ఎంత, ఆపరేషనయితే ఎంత, గది అద్దె, మందులు అందులోనేనా, బిడ్డని అద్దాల పెట్టెలో పెట్టాల్సి వస్తే రోజుకెంత’ అని అడిగి రాసుకోండి. ఆరోగ్యశ్రీ పేరుతో మనమంతా ఎరిగిన పథకాన్ని ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ అంటున్నారు. అది ఆ ఆసుపత్రిలో వర్తిస్తుందో లేదో కూడా కనుక్కోండి. నొప్పులు మొదలయ్యాక ఈ ప్రశ్నలు అడగడానికి ఎవరికీ తోచదు.

దారి ఖర్చు

మన వైపు అసలు ఖర్చు రోడ్డు మీద ఉంది. 78 టి.ఎం.సి.ల నీళ్ళు పట్టే రిజర్వాయరు ఇంటి పక్కనే ఉన్నా, పెద్దాసుపత్రి కావాలంటే సోమశిల నుంచి నెల్లూరు దాకా పోవాల్సిందే. దాదాపు ఎనభై కిలోమీటర్లు! ఉదయగిరి వాళ్ళకయితే వంద కిలోమీటర్ల దాకా ఉంటుంది. పరీక్షకని వెళ్ళినప్పుడల్లా కారు మాట్లాడుకుంటే తొమ్మిది నెలల్లో ఆ బాడుగే పురిటి ఖర్చుని మించిపోతుంది. మామూలు పరీక్షలు మండలంలోని ఆరోగ్య కేంద్రంలోనో, ఆత్మకూరులోనో, ఉదయగిరిలోనో చేయించుకోండి. డాక్టరు పంపితేనే నెల్లూరు వెళ్ళండి.

నొప్పులప్పుడు 108 ఉంది. కాన్పయ్యాక ఇంటికి దించడానికి 102, తల్లీ బిడ్డా ఎక్స్‌ప్రెస్ ఉంది. అయినా ఊళ్ళో కారున్న వాళ్ళ నంబరు ఒకటి గోడ మీద రాసి ఉంచుకోవాలి. బి.పి. ఎక్కువగా ఉన్నా, కవల పిల్లలని తెలిసినా, రక్తం బాగా తక్కువగా ఉన్నా డాక్టరు ముందే నెల్లూరు వెళ్ళమనవచ్చు. అక్కడ అమ్మాయికి భోజనం ఆసుపత్రిలో దొరుకుతుంది. తోడు వెళ్ళిన అమ్మకి, అత్తకి, అల్లుడికి? వారం రోజుల హోటలు భోజనాలు, టీలు, ఆటోలు కలిపి చూస్తే గుండె ఆగిపోతుంది. ఈ పద్దు ఎవరూ రాయరు, అందుకే చెబుతున్నాను.

తిండి, పథ్యం

దీనికి పెద్దగా ఖర్చు అక్కర్లేదు. రాగి జావ, మునగాకు పప్పు, వేరుశనగ ఉండలు, గుడ్డు, పెరుగు చాలు. అంగన్‌వాడీలో పేరు రాయించుకుంటే గుడ్లు, పాలు, బియ్యం, కందిపప్పు వస్తాయి. వాటిని ఇంట్లో అందరికీ పంచేయకుండా కడుపుతో ఉన్న పిల్లకే పెట్టాలి సుమా!

బాలింతకి శొంఠి, మిరియాలు, వాము, బెల్లం, నెయ్యి కలిపి ఇంట్లోనే కాయం దంచుకోవచ్చు. డబ్బాల్లో అమ్మే ఖరీదైన పొడులు అవసరం లేదు. మంచినీళ్ళు తాగనివ్వకపోవడం, ఒట్టి కారప్పొడి అన్నమే పెట్టడం మాత్రం మానండి. తల్లి కడుపునిండా తిని, దాహం తీరా తాగితే బిడ్డకి ఆరు నెలలు తల్లిపాలే చాలు. పాలడబ్బా ఖర్చు మిగిలినట్టే. పాత నేత చీరల్ని ఉతికి, ఎండబెట్టి, చింపితే పొత్తిళ్ళు సిద్ధం.

ఆమె మానేసిన పని

అన్నిటికన్నా పెద్ద పద్దు ఇదే, ఎవరి లెక్కలోకీ రానిదీ ఇదే. కుట్టుమిషను మీద నెలకి ఆరు వేలు సంపాదించే అమ్మాయి ఆరు నెలలు మిషను మూసేస్తే ముప్పై ఆరు వేలు రాకుండా పోయినట్టు. పాలకేంద్రానికి పాలు పోసే ఇల్లాలు పుట్టింటికి వెళితే గేదెల్ని చూసేదెవరు? ఒకటి అమ్మేస్తారు. ‘ఇంట్లో ఊరికే ఉంది కదా’ అనే వాళ్ళకి ఈ లెక్క చూపించండి.

ఈ నష్టంలో కొంతయినా పూడాలనే కేంద్ర ప్రభుత్వం 2017లో మాతృ వందన యోజన పెట్టింది. అర్హత ఉన్న తల్లికి తొలి బిడ్డకి అయిదు వేలు వస్తాయి. గర్భం నమోదై, ఆరు నెలల్లోపు కనీసం ఒక పరీక్ష అయితే మూడు వేలు, బిడ్డ పుట్టుక నమోదై పద్నాలుగు వారాల టీకాలు పూర్తయితే రెండు వేలు. డబ్బు తల్లి ఖాతాలోనే పడుతుంది. ఆ ఖాతాకి ఆధార్ కలిపి ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. పదిమందికి తక్కువ కాకుండా పనిచేసే ప్రయివేటు స్కూలులోనో, ఆఫీసులోనో కాన్పుకి ముందు ఏడాదిలో 80 రోజులైనా పనిచేసి ఉంటే 26 వారాల జీతంతో సెలవు చట్టమే ఇస్తుంది. రాతపూర్వకంగా అడగండి.

డబ్బు ఎలా పోగెయ్యాలి?

మూడో నెల నుంచే మొదలుపెట్టండి. నెలకి పదిహేను వందలు పక్కన పెడితే కాన్పు నాటికి ఏడు నెలల్లో పదివేల అయిదు వందలు. దీన్ని పోస్టాఫీసు ఆర్.డి.లో వెయ్యకండి, మూడేళ్ళు నిండకుండా మూయనివ్వరు. మామూలు సేవింగ్స్ ఖాతా చాలు. మన మెట్ట ప్రాంతంలో డబ్బు నెలనెలా రాదు. పొగాకు వేసిన ఇళ్ళకి డి.సి.పల్లి, కలిగిరి వేలం కేంద్రాల్లో బేళ్ళు అమ్ముడయినప్పుడే చేతిలో కాస్త సొమ్ము ఆడేది. ఆ రోజే కాన్పు వాటా తీసి ఖాతాలో వెయ్యాలి, మర్నాటికి ఉండదు.

పొదుపు మన జిల్లాకి కొత్త కాదు. 1992లో దూబగుంట నుంచి లేచిన సారా పోరాటం తర్వాత ‘పొదుపు లక్ష్మి’ పేరుతో రోజుకొక్క రూపాయి దాచింది నెల్లూరు జిల్లా ఆడవాళ్ళే. సంఘంలో ఉన్నవాళ్ళు అప్పు అవసరమైతే ముందు అక్కడ అడగండి. గాజులు తాకట్టు పెట్టేది ఆఖరి మాటగానే.

ఇక అసలు చిక్కు వేడుకలు. శ్రీమంతానికి వందమందికి భోజనాలు, వచ్చిన ముత్తయిదువులందరికీ జాకెట్టు గుడ్డలు, బారసాలకి వెండి గిన్నె, బంగారు మొలతాడు... వద్దని చెప్పడం అమ్మాయి తల్లికి చేతకాదు. చెప్పాల్సింది అల్లుడే. ‘‘అత్తయ్యా, గాజులు తొడిగి, ఇంటి మట్టుకు భోజనం పెట్టండి చాలు. ఆసుపత్రి, ప్రయాణం ఖర్చులు మేం చూసుకుంటాం’’ అని అతను ఒక్క మాటంటే ఆ ఇంట్లో ఎన్ని నిద్రలేని రాత్రులు తగ్గుతాయో! అతని నోట ఆ మాట రావాలంటే మూడో నెలలోనే ఓ సాయంత్రం భోజనాలయ్యాక మీరే కాగితం ముందు పెట్టండి. ‘‘ఏమండీ, మన బిడ్డ ఖర్చు మనం రాసుకుందాం’’ అనండి. ‘మీ నాన్న’, ‘మీ అమ్మ’ అన్న మాటలు ఆ పూట రానివ్వకండి. అత్తగారికి అతని చేతే చెప్పించండి.

పుట్టింటికి బయల్దేరేటప్పుడు సంచిలో తల్లీబిడ్డల కార్డు, ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, స్కానింగు కాగితాలు పెట్టుకోండి. నమోదు అత్తవారి ఊళ్ళో, కాన్పు మరో ఊళ్ళో కాబట్టి కార్డు లేకపోతే టీకాల లెక్కా, రెండో విడత డబ్బూ చిక్కుల్లో పడతాయి. బిడ్డ పుట్టిన 21 రోజుల్లోపు నమోదుకి రుసుము లేదు. పేరు తర్వాత చేర్పించుకోవచ్చు, బారసాల దాకా ఆగక్కర్లేదు. కార్డు మీద రాసిన తేదీల ప్రకారం ఆరు, పది, పద్నాలుగు వారాలకి టీకాలు వేయించండి. అవీ ఉచితమే.