"లే" అంటే లేవడం కాదు

ఈసారి ఇంగ్లీషు క్రియలలో "లే" గురించి రాస్తున్నాను. పొద్దున అయిదింటికి వార్డెన్ సారు దుప్పటి గుంజి "లే, లే" అనేది ఇది కాదు!

కోడి గుడ్డు పెడుతుంది, "హెన్ లేస్ ఎగ్స్". అందుకే గుడ్ల కోసం పెంచేవి లేయర్ కోళ్లు. పునాదిరాయి వేసినా, పైపులు వేసినా ఇదే మాట. మన రుద్రూర్ చెరుకు, వరి పరిశోధన కేంద్రం వంటి చోట్ల మడులు కొలిచి ప్రయోగం వేస్తే "లెయిడ్ అవుట్" అని రాస్తారు. ప్లాట్లు అమ్మేవాళ్ల లే-అవుట్ కూడా దీని చుట్టమే. రూపాలు లే, లెయిడ్, లెయిడ్.

చిక్కంతా "లై" తోటి. లై అంటే పడుకొను, లే అంటే పడుకోబెట్టు. తల్లి బిడ్డను పడుకోబెడితే లే, తాను పడుకుంటే లై. మన తెలుగులోనే ఈ తేడా ఉన్నది గనుక భయం లేదు. కానీ లై కి భూతకాలం మళ్లీ "లే"! "ఐ లే ఆన్ ద మ్యాట్ యెస్టర్‌డే" అంటే నిన్న చాప మీద పడుకున్నాను అని. యూనిట్ టెస్టులో నేను లెయిడ్ అని రాసి మార్కు పోగొట్టుకున్న.

మార్కు పోతే పోయింది గాని, "లెయిడ్ ఆఫ్" దగ్గర నా తప్పు పెద్దది. దసరా సెలవుల్లో మా కాకా తాను పనిచేసే కాడి నుంచి ఇంగ్లీషు కాగితం తెచ్చి, "చదువుకుంటున్నవు గదా, చదువు బేటా" అన్నడు. డిక్షనరీలో చూసింది యాదికి తెచ్చుకొని, "కాకా, నిన్ను పనిలకెళ్లి తీసేసిండ్రు" అని చెప్పిన. ఆ రాత్రి కాకా అన్నం ముట్టలే.

రెండు రోజులకు తెలిసినవాళ్లు విడమరచి చెప్పిండ్రు. అమెరికావాళ్లు ఆ మాటను ఎక్కువగా ఉద్యోగం పోవడానికే వాడతారు. మన చట్టంలో మాత్రం, 1947 నాటి దాంట్లోనూ, దాని స్థానంలో వచ్చిన 2020 కోడ్‌లోనూ, లే-ఆఫ్ అంటే పని చూపలేక ఆపడం. పేరు మస్టరులోనే ఉంటుంది. 50 మందికి తక్కువ కాకుండా పనిచేసే ఫ్యాక్టరీలో, ఏడాది సర్వీసు నిండిన పర్మినెంటు మనిషికి బేసిక్, డి.ఏ. లలో సగం ఇయ్యాలె. తీసేయడానికి రిట్రెంచ్‌మెంట్ అని వేరే మాట ఉన్నది.

అట్లని లే-ఆఫ్ చిన్న మాటేం కాదు. 2015 డిసెంబరులో బోధన్ శక్కర్‌నగర్ షుగర్ ఫ్యాక్టరీకి ప్రకటించింది కూడా లే-ఆఫే. ఏళ్లు గడిచినా అక్కడ క్రషింగ్ మొదలు కాలేదు.

మా కాకా కాగితంలో "30 రోజులు" అని కూడా ఉండె. ఆ అంకె నేను చూడనే లేదు.