వాడిన ఉత్ప్రేరకాలు: లోహాల పునఃప్రాప్తి, నేల భద్రత

యూరియాకు మూలమైన అమ్మోనియా తయారీలో దాదాపు ప్రతి దశకూ ఒక ఉత్ప్రేరకం అవసరం. సహజ వాయువులోని గంధకాన్ని తొలగించడానికి కోబాల్టు–మాలిబ్డినం ఉత్ప్రేరకాన్ని, దానితోపాటు జింకు ఆక్సైడును వాడతారు. వాయువును నీటి ఆవిరితో చర్య జరిపి హైడ్రోజన్ పొందడానికి నికెల్, కార్బన్ మోనాక్సైడును మార్చడానికి ఇనుము–క్రోమియం, రాగి–జింకు ఉత్ప్రేరకాలు, చివరగా అమ్మోనియా సంశ్లేషణకు ఇనుము తోడ్పడతాయి. సల్ఫ్యూరిక్ ఆమ్ల కర్మాగారాలలో వెనేడియం పెంటాక్సైడు ఈ పాత్ర వహిస్తుంది. కాకినాడ, రామగుండం, విశాఖపట్నంలలోని ఎరువుల కర్మాగారాలు ఈ కోవకు చెందినవే.

ఉత్ప్రేరకం చర్యలో ఖర్చు కాదు. అయినా గంధకం వంటి విషపదార్థాలు సోకడం, ఉపరితలంపై కార్బన్ పేరుకోవడం, అధిక ఉష్ణోగ్రత వద్ద లోహ కణాలు కలిసి పెద్దవి కావడం వలన అది క్రమంగా నిర్వీర్యమవుతుంది. దానిని తొలగించి కొత్తది నింపవలసి వస్తుంది. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల మొదటి షెడ్యూలులో, నత్రజని ఎరువుల తయారీలో వెలువడే వాడిన ఉత్ప్రేరకం ప్రమాదకర వ్యర్థంగా నమోదై ఉన్నది.

నేరుగా నేలలో వేయవచ్చా?

జింకు, రాగి, మాలిబ్డినం, నికెల్ మొక్కలకు అవసరమైన సూక్ష్మపోషకాలే కనుక ఈ వ్యర్థాన్ని పొడి చేసి పొలంలో వేయవచ్చుననే అభిప్రాయం కలగవచ్చు. ఒక చిన్న లెక్క దీనిలోని లోపాన్ని చూపుతుంది. పది శాతం నికెల్ గల వ్యర్థాన్ని హెక్టారుకు 50 కిలోలు వేస్తే 5 కిలోల నికెల్ నేలకు చేరుతుంది. కిలో పొడి పదార్థానికి 0.1 మి.గ్రా. నికెల్ మొక్కకు సరిపోతుందనుకుంటే, హెక్టారుకు 10 టన్నుల పొడి పదార్థాన్నిచ్చే పైరుకు కావలసినది ఒక గ్రాము మాత్రమే. అంటే వేసినది అవసరానికి ఐదు వేల రెట్లు. ఇది ఒక్కసారిగా కరగకపోయినా, ఆమ్ల నేలలలో క్రమంగా మొక్కలకు అందుబాటులోకి వస్తుంది. సున్నిత పైర్ల కణజాలంలో నికెల్ కిలోకు 10 మి.గ్రా. దాటితే విష లక్షణాలు కనిపించవచ్చు. క్రోమియం షడ్సంయోజక స్థితికి మారితే నీటిలో సులభంగా కరిగి భూగర్భ జలాలను కలుషితం చేస్తుంది. నేలలో చేరిన భార లోహాన్ని తిరిగి తీయడం దాదాపు అసాధ్యం.

పునఃప్రాప్తి విధానం

వ్యర్థం నుండి లోహాన్ని వేరుచేసి, శుద్ధి చేసి వాడటమే సరైన మార్గం. ఉదాహరణకు, రాగి–జింకు ఉత్ప్రేరకాన్ని సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కరిగిస్తారు. ద్రావణాన్ని ఆక్సీకరించి ఉదజని సూచికను పెంచితే ఇనుము అవక్షేపమవుతుంది. ఆపై జింకు పొడి కలిపితే రాగి, కాడ్మియం లోహ రూపంలో వేరుపడతాయి. సీసంలో అధిక భాగం కరగని సల్ఫేటుగా ముందే మిగిలిపోతుంది. శుద్ధమైన ద్రావణాన్ని స్ఫటికీకరిస్తే జింకు సల్ఫేటు లభిస్తుంది. నికెల్, మాలిబ్డినం, వెనేడియంలకు వేర్వేరు పద్ధతులు ఉన్నాయి. అవి ప్రధానంగా లోహ, రసాయన పరిశ్రమలకే తిరిగి వెళ్లవలసినవి.

ఎరువుల నియంత్రణ ఉత్తర్వు, 1985 ప్రకారం జింకు సల్ఫేటు హెప్టాహైడ్రేటులో కనీసం 21 శాతం జింకు ఉండాలి, సీసం 0.003 శాతానికి మించరాదు. హెక్టారుకు 50 కిలోలు వేసినా నేలకు చేరే సీసం 1.5 గ్రాములకు మించదు. ముడి వ్యర్థానికీ శుద్ధి చేసిన ఎరువుకూ గల భేదం ఇదే.

విస్తరణ శాస్త్రవేత్తలకు సూచనలు

- సూక్ష్మపోషక ఎరువును సిఫారసు చేసేటప్పుడు జింకు శాతంతో పాటు సీసం, కాడ్మియం, ఆర్సెనిక్ పరిమితులను కూడా పరిశీలించాలి.
- పేరు, ప్రమాణం ముద్రించని చవక పొడులను రైతులు కొనకుండా అవగాహన కల్పించాలి. అనుమానం కలిగితే నమూనాను ఎరువుల పరీక్షా ప్రయోగశాలకు పంపేలా వ్యవసాయాధికారికి తెలపాలి.
- ప్రమాదకర వ్యర్థాన్ని ముడిసరుకుగా వాడే తయారీదారుకు రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి అనుమతి తప్పనిసరి.
- కర్మాగారాల పరిసర పొలాలలో పోషక పరీక్షలతో పాటు భార లోహాల పరీక్షలు కూడా నిర్ణీత కాల వ్యవధిలో జరపాలి.

పునఃప్రాప్తి వలన ఖనిజ వనరులు ఆదా అవుతాయి, వ్యర్థాల గుట్టలు తగ్గుతాయి. అయితే ఆ ప్రయోజనం కర్మాగారంలోని శుద్ధి దశపైనే ఆధారపడి ఉన్నది. ఆ దశను విడిచిపెడితే పరిశ్రమ భరించవలసిన శుద్ధి ఖర్చు రైతు నేలపై పడుతుంది.