రంగు వేసిన బడా, టీచరున్న బడా?

జూన్ 12న బడులు తెరుస్తారనగా పల్లెల్లో రచ్చబండ దగ్గర ఒకటే చర్చ. పిల్లవాణ్ణి ఊళ్లో బడిలోనే ఉంచడమా, రెండు కిలోమీటర్ల అవతల పెద్ద ఊరి బడికి పంపడమా అని. రెండూ సర్కారు బడులే. రెండింటా ఫీజు లేదు, పుస్తకాలు ఇస్తారు, మధ్యాహ్నం అన్నం, గుడ్డు పెడతారు. అయినా ఒక బడి కిటకిటలాడుతుంది, పక్క బడి వెలవెలబోతుంది.

తల్లిదండ్రులు మొదట చూసేది గోడల రంగు. అందులో తప్పు లేదు. 2019 నవంబరు 14న ఒంగోలులో మొదలుపెట్టిన నాడు-నేడు పథకం మొదటి విడతలోనే రాష్ట్రంలో 15 వేలకు పైగా బడులను తీసుకున్నారు. మరుగుదొడ్లు, మంచినీళ్లు, బల్లలు, ఫ్యాన్లు, ప్రహరీ గోడల వంటి పనులు చేపట్టారు. మరుగుదొడ్డి లేక పెద్దపిల్ల బడి మానేసిన ఇంటివారికి ఆ పనుల విలువ ఎవరూ చెప్పనక్కరలేదు. అయితే సున్నం రాలుతున్న గోడల మధ్య మంచి పంతులమ్మ ఉండవచ్చు. మెరిసే గోడల మధ్య ఖాళీ కుర్చీ ఉండవచ్చు.

అసలు లెక్క వేరు. తరగతులెన్ని, టీచర్లెందరు? 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక బడిలో 60 మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లుండాలి. 61 నుంచి 90 మందికి ముగ్గురు, 120 వరకు నలుగురు. వినడానికి బాగానే ఉంది. కాని ఐదు తరగతులకు ఇద్దరే అంటే ఒకరు రెండో తరగతికి ఎక్కాలు చెబుతున్నంతసేపూ మూడో తరగతి వారు పలకలు పట్టుకుని కూర్చోవలసిందే. ఒక టీచరు శిక్షణకో, సెలవు మీదో వెళితే మిగిలిన ఒక్కరూ ఐదు తరగతులకు కాపలా కాయడమే. ఆ రోజు హాజరు పట్టీ నిండుతుంది, చదువు సాగదు. ఏడాదికి 200 పనిదినాలు, 800 గంటల బోధన ఉండాలని చట్టం చెప్పిన మాట కాగితం మీద మాత్రం నెరవేరుతుంది.

ఈ చిక్కు విప్పుతామనే 2022లో 117 నెంబరు ఉత్తర్వు వచ్చింది. కిలోమీటరు లోపల హైస్కూలు ఉన్నచోట 3, 4, 5 తరగతులను అక్కడికి తరలించారు. సబ్జెక్టు టీచర్లు పాఠం చెబుతారన్నది దాని ఉద్దేశం. ఎనిమిదేళ్ల పిల్లలు రోడ్డు దాటి ఎలా పోతారని చాలా ఊళ్లలో తల్లులు అడ్డం తిరిగారు. 2025లో ఆ ఉత్తర్వు రద్దయింది. దాని బదులు తరగతికొక టీచరు ఉండేలా మోడల్ ప్రాథమిక పాఠశాలలు వచ్చాయి. పిల్లలు తక్కువున్నచోట ఐదు తరగతుల బేసిక్ బడి, ఒకటి రెండు తరగతుల ఫౌండేషనల్ బడి మిగిలాయి. కొన్ని మండలాల్లో ఆరో తరగతి నుంచి నడిచే మోడల్ స్కూలు దీనికి వేరు. ఒకే పేరు కావడంతో చదువుకున్నవారు కూడా తికమకపడుతున్నారు.

టీచర్ల లెక్క చూస్తే మోడల్ బడిదే పైచేయి. కాని కథ అక్కడితో తేలదు. ఒక శివారు పల్లె బడిలో 24 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు ఉన్నారనుకుందాం. ఆటో కట్టించుకోగల పది ఇళ్లవారు పిల్లలను పెద్ద ఊరికి మార్చారు. మిగిలింది 14 మంది. వచ్చే సర్దుబాటులో రెండో టీచరు ఉంటారన్న నమ్మకం లేదు. ఆ 14 మంది ఎవరి పిల్లలు? పొద్దున్నే కూలికి పోయేవారి పిల్లలు. అమ్మానాన్నలు గుంటూరు వైపు మిరపకోతలకు పోతే అవ్వ దగ్గర మిగిలిన పిల్లలు. పది ఇళ్లవారు చేసింది తమ బిడ్డల మేలు కోసమే, వారిని తప్పుపట్టలేము. నష్టం మాత్రం నోరులేని ఇళ్ల మీద పడింది.

అందుకని ఒక్కొక్కరుగా జారుకునేకంటే ఊరంతా కూర్చుని తేల్చుకోవడం మేలు. పోతే అందరు పిల్లలూ కలిసి పోవాలి. ప్రాథమిక బడి కిలోమీటరు లోపల ఉండాలన్నది నిబంధన, కాబట్టి ఆ దూరం దాటితే రవాణా భత్యం అడగాలి. ఉంటే అందరూ ఉండి, టీచర్ల ఖాళీ నింపమని మండల విద్యాధికారికి అర్జీ పెట్టాలి. బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే, సగం మంది ఆడవారే ఉండాలని చట్టంలో ఉంది. ఆ కమిటీ తీర్మానం రాసిస్తే అర్జీకి బలం వస్తుంది. కమిటీలో తమ పేరున్నదని తెలియని తల్లులు కూడా ఉన్నారంటే ఆశ్చర్యం లేదు.

ఐదో తరగతి దాటాక చూడవలసింది మారుతుంది. హైస్కూలులో లెక్కలు, సైన్సు, ఇంగ్లీషు పోస్టులు భర్తీ అయ్యాయా లేదా అన్నదే ముఖ్యం. వలసపోయే ఇళ్లలో ఆడపిల్లకు కస్తూర్బా విద్యాలయం నీడ. ఆరో తరగతి నుంచి అక్కడ వసతి, భోజనం ఉంటాయి. చురుకైన పిల్లలకు జిల్లాలోని నవోదయ ప్రవేశపరీక్ష ఉంది. అందులో కనీసం 75 శాతం సీట్లు పల్లె పిల్లలకే. ఐదో తరగతిలో ఉండగానే దరఖాస్తు చేయాలి, ఆ ఏడాది దాటితే ఆరో తరగతిలో చేరే అవకాశం పోయినట్లే.

బడిని చూడదలచినవారు జెండా పండుగ రోజున కాక, మామూలు రోజున పదకొండు గంటల వేళ వెళితే మంచిది. మూడో తరగతి పిల్లవాడి చేతికి రెండో తరగతి తెలుగు వాచకం ఇచ్చి ఒక పేజీ చదవమనాలి. కిందటి నెలలో టీచరు ఎన్నాళ్లు బడిలో ఉన్నారో ఆ పిల్లవాడినే అడగాలి. టీసీ తీసుకునే మాట ఆ తరువాత.